నేల తాకని నీరు

పొద్దు వాలే వేళకు సముద్రం మీద ఏడుపులు మొదలయ్యాయి.

ఒక గొంతు కాదు, రెండు కాదు, వందల గొంతులు. ఒక పక్క చంటిబిడ్డ గుక్కపట్టినట్టు, ఇంకో పక్క ముసలమ్మ శోకాలు తీసినట్టు నీటి మీదుగా తేలి వచ్చి పడవను చుట్టుకుంటున్నాయి. చుక్కాని పట్టుకున్న పులిందుడికి వెన్నులో వణుకు పుట్టింది. పులులు తిరిగే అడవిలోకి ఒంటరిగా వెళ్ళి మాను నరికి తెచ్చినవాడే, మొసలి నోట్లోంచి తన గొడ్డలి లాక్కున్నవాడే! కానీ మనిషి కనిపించని ఏడుపుకు గొడ్డలి ఏం పనికొస్తుంది?

"ఎవరక్కడ?" అని గొంతు చించుకుని అరిచాడు.

బూడిదరంగు పిట్ట ఒకటి అతని నెత్తి మీదుగా దూసుకుపోతూ, అచ్చం పాలకు మారాం చేసే పసివాడిలా ఏడ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఓ పెద్ద గుంపు.

"ఓరి మీ ఇల్లు బంగారం కానూ, పిట్టలా!" అని పులిందుడు పకపకా నవ్వాడు. ఈ పిట్టల అరుపులు వినే కదా నావికులంతా దీన్ని దయ్యాలదీవి అని ఆమడ దూరం తప్పుకుపోయేది! దాని అసలు పేరు గాలందీవి. పల్చగా, పొడుగ్గా సాగి, చివర్న వంకర తిరిగి, ఏ దేవుడో చేపలు పట్టుకుంటూ నీళ్ళలో మరిచిపోయిన గాలంలా ఉంటుంది. చేపలనేమో గానీ, ఓడలను మాత్రం బాగా పట్టింది.

ఇంతకీ మణితీర రాజ్యంలో హాయిగా పడవలు కట్టుకునే వడ్రంగికి ఇంత దూరం ఏం పని? అతనికి వకుళ అని ఒక్కగానొక్క చెల్లెలు. ఆ పిల్లను క్షారముఖుడు పెళ్ళాడతానన్నాడు. ఆ మాంత్రికుడు ఉప్పుకయ్యల నడుమ కోట కట్టుకుని, ఉప్పే తిని, ఉప్పు మీదే పడుకునేవాడు. సముద్రపు నీరు తప్ప మంచినీటి చుక్క వాడి ఒంటికి తగిలి ఎన్నేళ్ళయిందో! "ఉప్పుబస్తాను కట్టుకుని నేను ఊరేగలేను, పొమ్మను" అని వకుళ నవ్వింది. ఆ నవ్వుకే వాడు మండిపడి మంత్రం వేశాడు. ఆమె కాలివేళ్ళ నుంచి పైకి తెల్లగా ఉప్పు పేరుకోసాగింది. పులిందుడు బయలుదేరేనాటికి మోకాళ్ళ దాకా వచ్చింది. పున్నమి చంద్రుడు నడినెత్తికి వచ్చేసరికి తల దాకా వస్తుంది. దానికి ఒకటే మందు, నేల తాకని నీరు. కొండగుహలోని గుడ్డి సిద్ధుడు ఆ మాట చెప్పి, గాలందీవి దిక్కుగా చెయ్యి చూపించాడు.

"అక్కడ ఏరు లేదు, బావి లేదు, చెరువు లేదు. ఆకాశం నుంచి ఇంటికప్పు మీదికి, కప్పు మీంచి నోట్లోకి. కానీ జాగ్రత్త నాయనా! ఓడ పగిలి వచ్చినవాడు వాళ్ళకు చుట్టం. ఓడ చెక్కుచెదరకుండా వచ్చినవాడు దొంగ" అని కూడా చెప్పాడు.

ఆ మాటలు నెమరువేసుకుంటూనే పులిందుడు పగడపు దిబ్బల వరుసకు చేరాడు. దీవి చుట్టూ కోటగోడలా ఉన్నాయవి. నీళ్ళు అద్దమంత తేటగా ఉన్నాయి. అడుగున మునిగిన ఓడలు పక్కపక్కనే నిద్రపోతున్నాయి. ఒక ఓడ కిటికీల్లోంచి పసుపుపచ్చ చేపలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. ఇంకో ఓడ కొయ్యకు వేలాడే కంచుగంట నీటి ఊపుకు మెల్లగా, చాలా మెల్లగా మోగుతోంది. ఆ మోత చెవికి వినిపించదు, పడవ చెక్కల్లోంచి అరికాళ్ళకు తెలుస్తుంది. పులిందుడు ఒళ్ళు మరిచి వంగి చూస్తూ ఉండిపోయాడు.

అదే అదను! ఎక్కడి నుంచి వచ్చిందో, ముక్కు మీద ఉప్పు పేరుకున్న నీటికాకి ఒకటి రివ్వున దిగి, చుక్కాని తాడును ఒక్క పొడుపుతో తెంపేసింది. పడవ గిర్రున తిరిగింది. ఎదురుగా కత్తిలాంటి పగడపు దిబ్బ! పులిందుడు తెడ్డు అడ్డం పెట్టాడు. తెడ్డు ఫెళ్ళున విరిగింది. పడవ అంచు పట్టుకుని వేలాడి, రెండు కాళ్ళతో దిబ్బను తన్నాడు. పాదాలు చీరుకుపోయాయి. పడవ మాత్రం జానెడు ఎడంతో తప్పుకుని, అల మీద లేచి, దిబ్బ దాటి నిశ్చలమైన నీటిలో పడింది. నీటికాకి కసిగా కూసి దక్షిణానికి ఎగిరిపోయింది. అది ఎవరి వేగో చెప్పనక్కర్లేదు.

తన చేతులతో కుట్టిన పడవ అది. కొబ్బరి పీచు తాళ్ళతో, ఒక్క మేకు లేకుండా, చెక్కకు చెక్క కలిపి కుట్టాడు. తాళ్ళు పేనింది వకుళ. దాన్ని పగలగొట్టుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? పైగా తిరిగి వెళ్ళేదెలా? అందుకని మొగలిపొదల చాటున ఒక రాతిగుహలో పడవను దాచాడు. పైబట్ట చింపుకున్నాడు. మరమ్మతు కోసం తెచ్చుకున్న కొత్త చెక్క ఒకటి చంకన పెట్టుకుని, నీళ్ళలోకి దూకి, అర్ధప్రాణంతో కొట్టుకువచ్చినవాడిలా ఇసుక మీద బోర్లా పడ్డాడు.

ఆ ఇసుక తెల్లనిది కాదు, నల్లనిది కాదు, లేత గులాబీరంగు.

"పెళ్ళివారొచ్చారు! పెళ్ళివారొచ్చారు!" అంటూ కేకలు. శంఖం మోగింది. ఆడా మగా పరుగెత్తుకొచ్చారు. పులిందుడు కళ్ళు మూసుకునే ఆశ్చర్యపోయాడు. పెళ్ళివారేమిటి?

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. మెడనిండా గవ్వలు, నోటినిండా తమలపాకు. ఆమె పేరు గవ్వలమ్మ. ఆ దీవికి రాజు లేడు, కప్పుపెద్ద అని ఒకరుంటారు. ఇప్పటి కప్పుపెద్ద ఆవిడే. అతని పక్కనున్న చెక్కను ఒకసారి తిరగేసి చూసింది. కొబ్బరిచిప్పతో అతని దోసిట్లో నీళ్ళు పోసింది.

"తాగు నాయనా. మెల్లగా. దోసెడే."

ఆ నీళ్ళు చల్లగా, రవ్వంత సున్నపు వాసనతో, వాన నోట్లోనే కురిసినట్టున్నాయి. ఇంత దూరం వచ్చి, ఆ నీళ్ళు తనొక్కడే తాగుతున్నందుకు అతనికి ఏడుపొచ్చింది.

తెల్లవారాక గవ్వలమ్మ అతన్ని దీవి చూపించడానికి వెంటబెట్టుకుని వెళ్ళింది. పులిందుడికి కలలో నడుస్తున్నట్టే ఉంది. అక్కడ చలీ లేదు, ఎండా లేదు. దీవి పడమటి పక్కగా సముద్రంలోనే ఒక వెచ్చటి ఏరు పారుతుందట. వేలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. దాని ఆవిరే ఏడాది పొడుగునా దీవికి దుప్పటి. ఎర్రటి మానులు గాలికి వంగి, గంధంలా కమ్మటి వాసన వేస్తున్నాయి. వాటి కింద అడవిపందులు మొగలి కాయలు కొరుకుతున్నాయి. అవీ ఏదో పగిలిన ఓడలోంచి ఈదుకుంటూ వచ్చినవేనట! మొత్తం దీవికి ఒకటే కొండ. ఎక్కి నిలబడితే నాలుగు వైపులా సముద్రమే, నీలం లోపల పచ్చ, పచ్చ లోపల నీలం.

ఇక ఇళ్ళు! అక్కడి రాయిని రంపంతో కోస్తారు. కోసేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. కప్పులన్నీ మెట్లు మెట్లుగా, గవ్వలు కాల్చిన సున్నంతో కళ్ళు జిగేలుమనేంత తెల్లగా ఉన్నాయి. వాన వచ్చిందా, ఆ మెట్ల మీద తొందర లేకుండా దిగి, రాతికాలువలోంచి ఇంటి తొట్టిలోకి చేరుతుంది.

"అవ్వా, నిన్న పెళ్ళివారని ఎందుకు అరిచారు?"

"మా మొదటి ఓడ పెళ్ళి ఓడ కదా నాయనా! మగపెళ్ళివారిని ఎక్కించుకుని పోతుంటే ఇక్కడే పగిలింది. ముహూర్తం దాటిపోతుందని పెళ్ళికూతురు వాళ్ళు వేరే పడవలో వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళదీ పగిలింది! ఇంకేం, ఇసుక మీదే తాళి కట్టించేశారు. అప్పట్నుంచి ఎవరి ఓడ పగిలినా మాకు పెళ్ళివారే" అని గవ్వలమ్మ కిసుక్కున నవ్వింది. తర్వాత ఒక ఇంట్లోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. కప్పు మోస్తున్న దూలానికి వరుసగా తాడు కుట్టిన కన్నాలున్నాయి. "ఇది మా తాత ఓడ వెన్నుదూలం. ఏ ఇంటికైనా అంతే. నిన్ను మోసుకొచ్చిన ఓడే నీ కప్పును మొయ్యాలి. కప్పున్నవాడికి వాన సొంతం. లేనివాడికి పూటకు దోసెడు. మరి పెళ్ళివారబ్బాయ్, నీ దూలమేదీ?"

పులిందుడు నీళ్ళు నమిలాడు. "సముద్రంలో... కొట్టుకుపోయిందవ్వా. ఆ చెక్క ఒక్కటే..."

"ఆ చెక్కకు కుట్టుకన్నం ఒక్కటైనా లేదేం? ఏ ఓడలోనూ ఉండని చెక్క ఏ ఓడలోంచి విరిగిందిరా?"

ఇసుక వేస్తే రాలనంత జనం చుట్టూ చేరి చూస్తున్నారు. పులిందుడి తల వాలిపోయింది. "ఒడ్డునే చూశావు కదవ్వా. మరి నీళ్ళెందుకు పోశావు?"

"అబద్ధం పడవ గురించి ఆడావు. దాహం అబద్ధం కాదుగా?"

అంతే, అతని గుండె కరిగిపోయింది. వకుళ సంగతంతా చెప్పి భోరుమన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. కానీ గవ్వలమ్మ అడ్డంగా తల ఊపింది.

"మా తొట్టి నీళ్ళు దీవి దాటవు నాయనా. దాటనిస్తే ఈపాటికి ఈ దీవిలో మనిషనేవాడు మిగిలేవాడు కాదు. నీ కప్పు మీద పడ్డ వాన నీ ఇష్టం. ఎక్కడికైనా పట్టుకుపో. కప్పు కావాలంటే ఓడ పగలగొట్టుకో."

పడవ పగలగొడితే నీళ్ళు దొరుకుతాయి, తీసుకెళ్ళే దారి ఉండదు. పగలగొట్టకపోతే దారి ఉంటుంది, నీళ్ళుండవు. పులిందుడు గుహలోకి వెళ్ళి పడవ పక్కన కూలబడ్డాడు. వకుళ పేనిన తాళ్ళను చేత్తో తడిమాడు. ఒకదాని మీద ఒకటి కప్పిన చెక్కలు మెట్లు మెట్లుగా వేళ్ళకు తగిలాయి.

మెట్లు మెట్లుగా!

ఒక్క గంతున లేచి ఊళ్ళోకి పరుగెత్తాడు. "అవ్వా! కప్పుకు ఓడ కావాలన్నావు గానీ, ఓడ పగలాలని మీ ఆచారంలో ఎక్కడుంది? బోర్లిస్తే సరిపోదూ?"

గవ్వలమ్మ నోట్లోని తమలపాకు నమలడం ఆపేసింది. జనమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్ని తరాలుగా ఇంతమంది కప్పులు వేసుకున్నారు, ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు. పగిలిన ఓడలే చూసినవాళ్ళకు ఓడంటే పగిలేదే కదా! చివరికి ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "ఓరి గడుగ్గాయ్! ఎత్తండర్రా, పెళ్ళివారి పల్లకీ ఎత్తండి!"

రంపాలు కదిలాయి. పొద్దు తిరిగేలోపు నాలుగు గోడలు లేచాయి. హైలెస్సా అంటూ పడవను భుజాలకెత్తుకుని గోడల మీద బోర్లించారు. ఆడవాళ్ళు గవ్వసున్నం పూశారు. కప్పు నిలబడ్డాక, ఆచారం ప్రకారం పులిందుడు సముద్రం వైపు తిరిగి ప్రమాణం చేశాడు: "సముద్రంలోంచి చెయ్యి చాచినవాడు ఎవడైనా సరే, దోసెడు నీళ్ళు లేవనను."

ఇక వాన కోసం ఎదురుచూపు. చంద్రుడు రోజురోజుకూ ఉబ్బుతున్నాడు. ఈపాటికి ఉప్పు వకుళ నడుము దాటి ఉంటుందా? భుజాలకు చేరి ఉంటుందా? పులిందుడికి ముద్ద మింగుడుపడటం లేదు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, చిటపటా చినుకులు మొదలయ్యాయి. అతను మట్టికుండ పట్టుకుని కప్పు అంచు కిందికి ఉరికాడు. గవ్వలమ్మ చేతికర్రతో కుండను ఒక్కటిచ్చింది. అది భళ్ళున పగిలింది.

"అవ్వా! ఏం పని ఇది?"

"మొదటి వాన కప్పుది, రెండోదే మనది. సున్నం, పిట్ట రెట్ట అన్నీ కడుక్కుపోనీ. పైగా తిక్కసన్నాసీ, మట్టికుండంటే నేల కాదా? నేల తాకకూడదంటూ నేలలోనే పడతావేం?" అని ఆవిడ ఎండిన సొరకాయ బుర్ర ఒకటి అతని చేతిలో పెట్టింది.

కళ్ళముందే మొదటి వాన అంతా సముద్రంలోకి పారిపోయింది. పులిందుడు పళ్ళు బిగించి చూశాడు. మర్నాడు వాన లేదు. ఆ మర్నాడూ లేదు. రేపు పున్నమి అనగా తెల్లవారుజామున రెండో వాన వచ్చింది. గాలి లేదు, ఉరుము లేదు. తెల్లటి కప్పుల మీద తెల్లటి వాన, దీవి అంతా గుసగుసలాడుతున్నట్టు కురిసింది. బోర్లించిన పడవ చెక్కల మీంచి ఒక్కో మెట్టే దిగి, అంచున జారి, నీళ్ళు సొరబుర్రలోకి పడ్డాయి. బుర్ర నిండింది.

మళ్ళీ హైలెస్సా! కప్పు దిగి పడవైంది. గవ్వలమ్మ మొండిగోడల మధ్య నిలబడి, "ఈ గోడలు నీవే. ఇంకెవర్నీ ఉండనివ్వను. చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చి కప్పేసుకో" అంది. పులిందుడు కాళ్ళకు దణ్ణం పెట్టి, చుక్కానికి కొత్త తాడు కట్టి, వాళ్ళిచ్చిన కొత్త తెడ్డు తీసుకుని పడవెక్కాడు. పడమటి వెచ్చటి ఏరు ఎక్కితే చాలు, అది మణితీరం దాకా తెడ్డు వేయకుండానే మోసుకుపోతుంది. ఒక రోజు ప్రయాణం.

దిబ్బలు దాటాడు. ఏటి మీద పొగమంచు కమ్ముకుంది. మంచులోంచి ఒక చెయ్యి లేచింది.

"నాయనా... దాహం..."

చెక్క ముక్కను కరుచుకుని ఒక ముసలివాడు తేలుతున్నాడు. గడ్డం నీళ్ళలో పరుచుకుంది. పులిందుడు ప్రమాణం తలుచుకుని పడవ దగ్గరికి పోనిచ్చాడు. "తాతా, నీ ఓడేదీ?"

"పగిలిపోయింది నాయనా. అంతా పోయింది. ఈ చెక్కే మిగిలింది. ఆ బుర్ర ఇలా అందుకోనీ."

అల వచ్చి చెక్క తిరగబడింది. పులిందుడి చూపు దాని మీద పడింది. ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా ఉంది. మేకు గుర్తు లేదు, కుట్టుకన్నం లేదు. తెడ్డు వేసి పారిపోవచ్చు. కానీ అబద్ధపు చెక్కతో వచ్చిన తనకూ ఒక అవ్వ దోసెడు పోసింది కదా!

"పట్టు దోసిలి" అన్నాడు.

"దోసెడు నాకే మూలకు? బుర్ర ఇయ్యి!"

"మా దీవి ఆచారం దోసెడే. పట్టు."

ముసలివాడు దోసిలి పట్టలేదు. రెండు చేతులూ వెనక్కి లాక్కుని, మరుక్షణం పడవ అంచును పట్టుకున్నాడు. ఆ వేళ్ళ కింద చెక్క తెల్లబడింది. ఉప్పు చరచరా పాకుతోంది. వకుళ పేనిన తాళ్ళు ఒక్కొక్కటే బిగుసుకుని పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి.

"ఎవడైనా సరే లేవనను అన్నాను. ఇదిగో నీ దోసెడు, క్షారముఖా!" అంటూ పులిందుడు బుర్ర వంచి ఆ వేళ్ళ మీద పోశాడు.

వేళ్ళు ఉప్పుగల్లుల్లా కరిగి కారిపోయాయి. ఆ వెనక మణికట్టు కూడా! గడ్డం ఊడి నీళ్ళలో పడింది. మాంత్రికుడు పెట్టిన కేకకు ఏడుపుపిట్టలు కూడా గప్‌చుప్‌గా అయిపోయాయి. మొండిచెయ్యి ఊపుతూ వాడు మంచులోకి మాయమైపోయాడు. పులిందుడు నవ్వాడో, ఏడ్చాడో అతనికే తెలియలేదు. నీరు పని చేస్తుంది! వకుళ బతుకుతుంది!

కాళ్ళకు గోరువెచ్చగా తగిలింది. చూస్తే పడవ అడుగున నీళ్ళు. తాళ్ళు తెగిన చోట చెక్కలు నోళ్ళు తెరుస్తున్నాయి. పైబట్ట ఒక సందులో కూరి, మడమతో ఇంకో సందు అదిమిపెట్టాడు. బుర్రను మెడకు కట్టుకున్నాడు. నెత్తి మీద నీటికాకి చక్కర్లు కొడుతోంది. మంచు విడిపోయింది. వెనక్కి చూస్తే తెల్లటి కప్పుల దీవి ఇంకా దగ్గర్లోనే ఉంది. అటు తిప్పితే ప్రాణం దక్కుతుంది.

కొండ మీద కాపున్నవాళ్ళు పగులుతున్న పడవను చూసినట్టున్నారు. శంఖం మోగింది. నీటి మీదుగా కేక తేలి వచ్చింది.

"పెళ్ళివారొచ్చారు! పెళ్ళివారొచ్చారు!"

ఈసారి అతను నిజంగానే పెళ్ళివారబ్బాయి. కళ్ళు తుడుచుకుని, పులిందుడు పడవ ముక్కును మణితీరం వైపే తిప్పాడు.